ఎడమవైపు చుక్క

నివెస్ మోంతోర్సి అనే ఆవిడ టైల్స్ ఫ్యాక్టరీలో, పాడైనవి ఏరే పనిలో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. బట్టీలో కాలి, చల్లారి బయటికొచ్చిన టైళ్ళు బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి ఆమెకు ఎదురుగా వస్తాయి. ఎత్తు కుర్చీలో కూర్చుని ఆమె వాటిని చూస్తుంది. బీట కనబడినా, మచ్చ కనబడినా, రంగు తేడా ఉన్నా చేతిలోని రంగు కలంతో దాని మీద ఒక గీత గీస్తుంది. గీత పడిన టైలును ముందున్న యంత్రం పక్కకు తోసేస్తుంది. గీత లేనిది పెట్టెలోకి పోతుంది.

"కూర్చుని చూసినందుకు కూడా జీతం ఇస్తారా" అని పెళ్ళైన కొత్తలో ఆమె భర్త ఎర్మెస్ వేళాకోళం చేసేవాడు. ఒకసారి ఫ్యాక్టరీవాళ్ళు ఇంట్లోవాళ్ళను పిలిచిన రోజున అతను ఆ కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. కదిలే టైళ్ళను చూసి చూసి కళ్ళు తిరిగి, బయటికెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సస్సువోలో అనే ఆ ఊరి చుట్టుపక్కల ఏరే పని చేసే ఆడవాళ్ళకు కళ్ళే బతుకు. అందుకే కళ్ళ గురించి వాళ్ళు మాట్లాడుకోరు. మోకాళ్ళ గురించి, మొగుళ్ళ గురించి, అత్తల గురించి అన్నీ చెప్పుకుంటారు. చూపు సరిగా లేదని మాత్రం ఎవరూ నోరు విప్పరు. చూపు తగ్గినవాళ్ళను ప్యాకింగుకు పంపుతారు. అక్కడ అట్టపెట్టెలు మడవడమే పని. పంపేటప్పుడు షిఫ్టు పెద్ద పక్కకు పిలిచి, నలుగురికీ తెలియకుండా, మర్యాదగా చెబుతాడు. ఆ మర్యాదే మొన్న నవంబరులో నివెస్ ప్రాణం తోడేసింది. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుని ఆ ఇంట్లో నవ్వుకుంటున్నారు గానీ, అప్పుడు నవ్వేలా లేదు.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం షిఫ్టు పెద్ద ఆమెను కాఫీ మిషను దగ్గరికి పిలిచాడు. అతని పేరు వాన్ని. నివెస్ కంటే చిన్నవాడు. ఆమె కళ్ళ ముందే చిన్న పనిలో చేరి పెద్దవాడయ్యాడు.

"అక్కా, ఏమీ అనుకోకు" అన్నాడు, కాఫీ కప్పులోకి చూస్తూ. "నీ పెట్టెల్లో బీటలున్నవి వెళ్తున్నాయి. అన్నీ ఎడమ అంచు మీదే. కుడివైపు ఒక్కటీ లేదు."

"ఎడమవైపా?"

"కొంచెం చూసుకో. నేనెవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

నివెస్ తలూపింది. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు సైకిలు తోసుకుంటూ వెళ్ళింది గానీ ఎక్కలేదు.

ఎడమవైపు అన్న మాట ఆమెకు కొత్తది కాదు. వాళ్ళమ్మ అర్జియా చివరి రోజుల్లో పక్షవాతం వచ్చి లేచాక, పళ్ళెంలో కుడిపక్కనున్నది మాత్రమే తినేది. తిని, ఇంతేనా పెట్టావని కూతురితో పోట్లాడేది. నివెస్ పళ్ళెం తిప్పి పెడితే, ఇప్పుడు పెట్టావా అని మిగిలింది తినేది. తల దువ్వుకుంటే కుడివైపే దువ్వుకునేది. అప్పుడు డాక్టరు చెప్పిన మాట నివెస్‌కు బాగా గుర్తుంది. "కళ్ళకేం లేదమ్మా, బాగానే చూస్తున్నాయి. ఎడమపక్క అనేది ఒకటుందని మెదడే మర్చిపోయింది."

ఆమె ఎర్మెస్‌కు చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అక్షరాలు చదివించి, దీపాలు వేసి, "ఈ వయసుకు ఇంత మంచి కళ్ళు నేను చూడలేదు" అన్నాడు. వేరెవరైనా అయితే సంతోషించేవాళ్ళు. నివెస్‌కు భయం ఇంకా పెరిగింది. అమ్మ కళ్ళూ మంచివే మరి.

ఊళ్ళో వాళ్ళ ఇంటి డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ఏడాదికోసారి ఫ్యాక్టరీకి వచ్చి పనివాళ్ళను పరీక్ష చేసేదీ ఆయనే. ఆయనకు చెబితే ఇంకేముంది, మర్నాడే అట్టపెట్టెలు.

అలా ఉండగా మందుల షాపులో గోడకు అంటించిన కాగితం చూసింది. మోదెనాలో ఒక ప్రయోగశాలలో, యాభై దాటిన ఆరోగ్యవంతులు కావాలట. మెదడు దేన్ని పట్టించుకుంటుంది, కళ్ళు ఎటు దూకుతాయి, అన్నది అయస్కాంతంతో పరీక్షిస్తారట. నొప్పి ఉండదట. నివెస్ ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. నాలో ఏదైనా తేడా ఉంటే వాళ్ళకు కనబడుతుంది, ఫ్యాక్టరీకి మాత్రం తెలియదు అనుకుంది. ఎర్మెస్‌కు దంతాల డాక్టరని చెప్పి రైలెక్కింది.

అక్కడ ఇద్దరున్నారు. లవీనియా అనే డాక్టరమ్మ, ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట మెత్తన. తాజియో అనే టెక్నీషియను, భుజాలు తలుపంత వెడల్పు. లవీనియా ప్రశ్నలడిగింది. తలలో ఇనుప ముక్కలేమైనా ఉన్నాయా, మూర్ఛలొచ్చాయా, ఇంట్లో ఎవరికైనా మెదడు జబ్బు ఉందా.

"మా అమ్మ పెద్దవయసులో పోయింది" అంది నివెస్. అది నిజమే గానీ అడిగింది అది కాదు.

తాజియో ఆమె తలకు ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే రబ్బరు టోపీ తొడిగి, దాని మీద పెన్నుతో గుర్తులు పెట్టాడు. కాయిల్ అనే వస్తువు చేతిలోకి తీసుకున్నాడు. రెండు గాజులు పక్కపక్కన అతికించి పిడి పెట్టినట్టుంది. చెవుల్లో పెట్టుకోవడానికి నురగ బిరడాలిచ్చాడు. కాయిల్ చప్పుడు చేస్తుంది, చెవికి మంచిది కాదట.

ముందు ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకోమన్నాడు. తల మీద కాయిల్ అటూ ఇటూ జరిపి, టిక్కుమనిపించాడు. తల మీద ఎవరో వేలితో చిటుక్కున కొట్టినట్టయింది. మరో చోట టిక్కుమంది. ఉన్నట్టుండి నివెస్ బొటనవేలు తనంతట తనే ఎగిరింది.

"ఇదేంటయ్యా, నా వేలు నన్నడక్కుండానే ఎగురుతోంది" అంది.

"అందరివీ ఎగురుతాయమ్మా. ఎంత బలం సరిపోతుందో చూసుకోవడానికంతే" అన్నాడు తాజియో, గట్టిగా, బిరడాలున్నాయి కాబట్టి.

తర్వాత అసలు పని. గడ్డం ఒక పీట మీద ఆనించి, చుక్క మెరిసేదాకా తెర మధ్యలో ఉన్న కూడిక గుర్తు వంకే చూడాలి. ఎడమపక్కనో, కుడిపక్కనో, రెండు పక్కలా ఒకేసారో చుక్కలు మెరిసి మాయమవుతాయి. కనబడినవైపు మీట నొక్కాలి. చూపు ఎప్పుడెటు దూకిందో కెమెరా కనిపెడుతుంది. కాసేపు ఉత్త చుక్కలే చూపించాక, తాజియో ఆమె తల వెనక కుడివైపున కాయిల్ పట్టుకుని నిలబడ్డాడు. చుక్కలు, టిక్కు, చుక్కలు, టిక్కు. నివెస్‌కు ఇది బెల్టు ముందు కూర్చున్నట్టే ఉంది. బాగానే చేస్తున్నాననుకుంది.

మధ్యలో కాసేపు ఆపారు. నివెస్ గడ్డం ఎత్తి పక్కకు చూసింది. అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్న లవీనియా, నివెస్ వెనకనున్న తాజియోతో ఏదో అంటోంది. బిరడాలు పెట్టుకున్న మనిషికి వినబడదు కదా అని మామూలుగానే మాట్లాడుతోంది. ఆ ప్రయోగశాలలో అందరూ అలాగే మాట్లాడుకుంటారు.

కానీ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా నివెస్ చెవుల్లో ఉన్నవీ ఆ బిరడాలే. ఆ మోతలో అక్కడి ఆడవాళ్ళంతా పెదాలు చూసే కబుర్లు చెప్పుకుంటారు. లవీనియా పెదాలు ఆమెకు అచ్చుపుస్తకంలా కనబడ్డాయి.

"ఎడమది మళ్ళీ పోయింది. రెండూ వేసినప్పుడు అసలు పట్టించుకోవట్లేదు. చూడు, ఎంత చక్కగా పోతోందో."

చివరిదాకా ఎలా కూర్చుందో నివెస్‌కే తెలియదు. అయిపోయాక, "ఏమైనా కనబడిందా డాక్టరమ్మా?" అని అడిగింది.

"ఇప్పుడు చెప్పకూడదండీ. వచ్చే గురువారం రెండో విడత అయ్యాక అన్నీ చెబుతాను" అంది లవీనియా నవ్వుతూ.

ఆ వారమంతా నివెస్ అన్నం ముందు కూర్చుంటే ముందు పళ్ళెం తిప్పేది. ఎడమపక్కనున్న తోర్తెల్లీని అనే మాంసం కూరిన పిండి చుట్టలను లెక్కపెట్టినట్టు చూసి, వాటినే ముందు తినేది.

"పళ్ళెంతో ఆ బొంగరాలాటేంటి?" అన్నాడు ఎర్మెస్.

"వేడిగా ఉంది."

"తిప్పితే చల్లారుతుందా? ఏ బడిలో నేర్పారు నీకు?"

ఫ్యాక్టరీలో ఆమెతో ఆ కుర్చీని పంచుకునేది విల్మా. కళ్ళు అలవకుండా ఇద్దరూ కాసేపు ఒకరు, కాసేపు ఒకరు కూర్చుంటారు. విల్మాది పెద్ద నోరు, పెద్ద నవ్వు. ఈ మధ్య ఆమె నోరూ తగ్గింది గానీ, తన గోలలో ఉన్న నివెస్ పట్టించుకోలేదు.

గురువారం వచ్చింది. నివెస్ మోదెనా వెళ్ళలేదు. వెళ్తే చెప్పేస్తారు. చెబితే తెలిసిపోతుంది. సోమవారం వాన్నిని కలిసి, తనంతట తానే ప్యాకింగుకు వెళ్తానని చెప్పేద్దామనుకుంది. వాళ్ళు పంపడం కంటే తనే వెళ్ళిపోవడం నయం. ఆ తర్వాత ఇంట్లో ఎలా చెప్పాలో, అమ్మ లాగా తనూ ఒకరి చేత పళ్ళెం తిప్పించుకునే రోజు ఎప్పుడొస్తుందో, అదంతా తర్వాత.

శనివారం పొద్దున ఎర్మెస్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"మోదెనా నుంచి ఎవరో డాక్టరమ్మ. నువ్వు గురువారం రాలేదని బెంగపడుతోంది. నీ దంతాలకి అంత పెద్ద డాక్టరు అవసరమైందా?"

నివెస్ ఫోను తీసుకోలేదు. స్టవ్వు కట్టేసి కుర్చీలో కూర్చుంది. ఎర్మెస్ ఆమె ముఖం చూసి, ఫోనులో "వస్తుందండీ, నేనే తీసుకొస్తాను" అని చెప్పి పెట్టేశాడు. అప్పుడు చెప్పింది నివెస్. వాన్ని మాట, కళ్ళ డాక్టరు, అయస్కాంతం, పెదాలు, అన్నీ. ఎర్మెస్ గుమ్మానికి ఆనుకుని నిలబడి విన్నాడు. చివర్లో, "ఇంత మోసి, నాతో బొంగరాలాడుతున్నావా పిచ్చిదానా" అన్నాడు.

సోమవారం ఆమె ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. పొగమంచులో కారు మెల్లగా నడుపుతూ ఎర్మెస్ ఆమెను ప్రయోగశాల గుమ్మం దాకా తెచ్చాడు. "నేను లోపలికి వస్తే ఏడుస్తాను, ఇక్కడే ఉంటా" అని కారులోనే ఉండిపోయాడు.

లవీనియా ఎదురొచ్చింది. తాజియో టోపీ తెచ్చాడు. నివెస్ కోటు కూడా విప్పలేదు.

"ఇంకేం పరీక్షలొద్దు డాక్టరమ్మా. నాకు తెలిసిపోయింది. ఎడమపక్క పోతోంది."

"ఎవరు చెప్పారు మీకు?"

"మీరే. ఎంత చక్కగా పోతోందో చూడు అన్నారు."

లవీనియా ముఖం తెల్లబోయింది. "మీ చెవుల్లో బిరడాలున్నాయి కదా?"

"ఉంటే? టైళ్ళ ఫ్యాక్టరీలో పెదాలే చదువుతాం." నివెస్ తాజియో వైపు తిరిగింది. "టోపీలో నేను ఒలిచిన ఉల్లిపాయలా ఉన్నానని ఈ బాబు అన్నదీ చదివాను. తెరలో అద్దంలోలా ఈయన ముఖం కనబడుతుంది."

తాజియో చెవులదాకా ఎర్రబడ్డాడు. "అమ్మా, అది... ఉల్లిపాయ అంటే నాకు చాలా ఇష్టమమ్మా."

లవీనియా నవ్వలేదు. కుర్చీ లాక్కుని నివెస్ ఎదురుగా కూర్చుంది. "అది చదివి ఈ పది రోజులూ మీరు మీలో మీరే..." అని ఆగింది. రెండో విడత అయ్యేదాకా ఏదీ చెప్పకూడదన్నది వాళ్ళ పద్ధతి. ముందే తెలిస్తే మనిషి చూపు మారిపోతుంది, ఆ ఫలితం పారేయాల్సిందే. ఆమె తాజియో వంక చూసింది.

"ఈవిడ ఫలితం తీసేద్దాం."

"తీసేద్దాం" అన్నాడు తాజియో. "నా టోపీ తెస్తా."

బీరువాలోంచి గుర్తులున్న తన టోపీ తెచ్చి పెట్టుకుని, అతను నివెస్ కూర్చున్న కుర్చీలోనే గడ్డం ఆనించి కూర్చున్నాడు. కొత్త పరీక్ష ఏదైనా ముందు వాళ్ళ తలల మీదే చేసుకుంటారట. లవీనియా కాయిల్ తీసుకుని అతని తల వెనక కుడివైపున పెట్టింది. నివెస్‌ను పక్కన కూర్చోబెట్టి తెర చూడమంది.

ముందు కాయిల్ దూరంగా పట్టుకుంది. చుక్కలు మెరిశాయి. "ఎడమ. రెండూ. కుడి. రెండూ." అన్నీ సరిగ్గా చెప్పాడు. తర్వాత తలకు ఆనించింది. రెండు చుక్కలు మెరిశాయి, టిక్కుమంది.

"కుడి" అన్నాడు తాజియో.

నివెస్ అతని వంక చూసింది. మళ్ళీ రెండు చుక్కలు. టిక్కు.

"కుడి."

"రెండు కదయ్యా వచ్చింది?"

"నాకు ఒకటే కనబడిందమ్మా."

"ఎడమది నా కళ్ళకు కనబడుతోంటే?"

"మీకు కనబడుతుంది. మీ తల మీద ఇది లేదుగా."

ప్రతిసారీ కాదు. ఒక్కోసారి రెండూ అన్నాడు. కానీ ఎక్కువసార్లు ఎడమ చుక్క అతనికి పోయింది. అంత పెద్ద మనిషి, భుజాలు తలుపంత, ఆ చిన్న టిక్కుతో ఎడమపక్కను మర్చిపోతున్నాడు. కాయిల్ తీయగానే మళ్ళీ అన్నీ చెబుతున్నాడు.

"అది పోవాలనే మేం చూస్తాం" అంది లవీనియా. "ఇక్కడ, ఈ చోట, ఒక్క క్షణం మెదడును తికమక పెడతాం. ఎడమపక్కను పట్టించుకునే పని అక్కడే జరుగుతుందా అని తెలుసుకోవడానికి. పోతే మాకు సంతోషం. అందుకే చక్కగా పోతోంది అన్నాను. మీ ఎడమను ఆ రోజు పోగొట్టింది నేనండీ, మీ మెదడు కాదు."

ఆమె కంప్యూటరు తిప్పి, నివెస్ తల మీద కాయిల్ పెట్టకముందు చేసిన భాగం చూపించింది. ఎడమ చుక్కకు ఆమె కళ్ళు ఎంత వేగంగా దూకాయో, కుడి చుక్కకూ అంతే. రెండు గీతలూ పక్కపక్కన, ఒకే ఎత్తులో ఉన్నాయి.

నివెస్ ఆ రెండు గీతల మీదా వేలు పెట్టి చూసింది. తర్వాత అమ్మ సంగతి చెప్పింది. లవీనియా విని, అది ముందే చెప్పాల్సిందని కొంచెం మందలించింది. "నేను వైద్యం చేసే డాక్టరును కాదు, మీకు జబ్బే రాదని కాగితం రాసివ్వలేను. మీ అమ్మగారికి వచ్చింది కాబట్టి బీపీ చూపించుకుంటూ ఉండండి. కానీ మీరు ఇక్కడ చూసి భయపడింది మాత్రం నేను చేసిందే."

నివెస్ లేచి, కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఇక మీదట గోడ వైపు తిరిగి మాట్లాడుకోండమ్మా" అంది.

కారులో ఎర్మెస్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, బండి నడుపుతున్నట్టే కూర్చున్నాడు. ఆమె తలుపు తీసి, "నాకేం లేదు" అంది. అతను అర్థం కానట్టు చూసి, "మళ్ళీ చెప్పు" అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. దారిలో ఒక చోట ఆపి ఇద్దరూ ఞోక్కో ఫ్రిత్తో అనే వేడివేడి పూరీల్లాంటివి, పంది మాంసం ముక్కలు పెట్టుకుని తిన్నారు. ఆమె పళ్ళెం తిప్పలేదు. ఎర్మెస్ తనది తినడం మర్చిపోయి ఆమె తినడమే చూశాడు.

అయితే టైళ్ళ సంగతి అలాగే ఉంది. మెదడు బాగుంటే, ఎడమ అంచు బీటలు ఎలా పోతున్నాయి? మర్నాడు బెల్టు ముందు కూర్చుని నివెస్ దాని గురించే ఆలోచించింది. అంతకుముందు ఆ ప్రశ్న అడగడానికే భయం. అడిగితే తన పేరు బయటికొస్తుంది. ఇప్పుడు ఆ భయం లేదు. విల్మా తన వంతుకు వచ్చి పక్కన నిలబడింది. బిరడాల మధ్య, మోత మధ్య, నివెస్ పెదాలతోనే అంది.

"విల్మా, నాకు ఎడమవైపు బీటలు దొరకట్లేదు. వాన్ని చెప్పాడు."

విల్మా కదల్లేదు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"నీకు కూడానా?"

"నీకు కూడానా అంటే?"

"నెల రోజులుగా నిద్రపోవట్లేదే. నన్నూ కాఫీ మిషను దగ్గరికి పిలిచాడు ఆ దొంగ వెధవ. ఎవరికీ చెప్పకు అన్నాడు. నా కళ్ళు పోయాయనుకుని మా ఆయన చేత లూర్దు మాతకు మొక్కు కూడా మొక్కించాను."

నివెస్ ఎర్ర బటను నొక్కి బెల్టు ఆపేసింది. అలా ఆపడం ఇరవై ఏళ్ళలో ఆమె ఎరగదు. వాన్ని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరు ఆడవాళ్ళూ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు.

"మా ఇద్దరికీ ఒకే మాట చెప్పావు. ఒకరికి తెలియకుండా ఒకరికి" అంది విల్మా.

"మీ పరువు కోసమే కదక్కా" అన్నాడు వాన్ని. "ఇద్దరివీ ఎడమవైపే పోతుంటే, ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారనుకున్నాను."

"ఇద్దరికీ ఒకే పక్కన ముసలితనం వచ్చిందా నాయనా?"

వాన్ని తల గోక్కున్నాడు. అప్పుడు ముగ్గురూ ఒక్కసారే పైకి చూశారు. ఆగస్టు సెలవుల్లో కొత్త దీపాలు వేశారు. బీట కనబడాలంటే వెలుతురు ఏటవాలుగా, టైలును రాసుకుంటూ పడాలి. అప్పుడే బీటకు సన్నని నీడ పడుతుంది. కుడి దీపం అలాగే ఉంది. ఎడమ దీపాన్ని ఎవరో నెత్తి మీదికి, నిటారుగా బిగించారు. అక్కడ బీటకు నీడే లేదు.

కరెంటు పనివాడు నిచ్చెన తెచ్చి దీపం కిందికి దించి, వాల్చి బిగించేసరికి భోజనాల వేళయింది. అంతసేపూ విల్మా వాన్నికి కొత్త కొత్త పేర్లు పెడుతూనే ఉంది. అతను అన్నిటికీ తలూపాడు. కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చాడు. "చెప్పుకుని ఉంటే నెల కిందటే అయిపోయేది" అన్నాడు చివరికి. ఆ మాటకు మాత్రం ఇద్దరు ఆడవాళ్ళూ కాఫీ కప్పుల్లోకి చూశారు.

బెల్టు కదిలింది. వంతు విల్మాది. అయినా ఆమె కుర్చీ చూపించి, "నువ్వే కూర్చో" అంది. నివెస్ కూర్చుంది. బూడిదరంగు పెద్ద టైళ్ళు ఒకటొకటే ఎదురొచ్చాయి. మంచిది, మంచిది, మంచిది. ఆ తర్వాతి దానికి ఎడమ అంచున, వెంట్రుకంత సన్నగా, ఒక నల్లని నీడ.

ఆమె చెయ్యి చాపి గీత గీసింది. ముందున్న యంత్రం దాన్ని పక్కకు తోసింది. వెనక నుంచి విల్మా ఆమె భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.